కూత

అగ్గిపెట్టంత నల్ల పెట్టె.
అయస్కాంతంతో బారుకు అతుక్కుంటాది.
నేను కూచుని లేస్తే
ఎంత బిరీన లేసినానో ఫోన్లో అంకె పడతాది.
సున్నా పాయింట్ అరవై రెండు.
అరవై ఒకటి.
యాభై తొమ్మిది.
యాభై అయిదుకు కిందికి దిగితే
కుయ్యిమంటాది.
అంతే, బారు స్టాండు మీద పెట్టేయల్ల.

ఎర్రగుంట్లలో మూతబడిన పాలిషు ఫ్యాక్టరీ మా జిమ్ము.
గోడలకు ఇంకా రాతిపిండి.
ఊపిరి గట్టిగా పీలిస్తే నాలిక మీద నాపరాయి.
ఓబులేసు సార్ అంటాడు:
"మాబున్నీ, వట్టి బరువుతో మనకేం పనిల్యా.
దానికి నువ్వెంత బిరీన జవాబు చెప్తావో, అదీ పని.
రెండొందల మీటర్లు, పన్నెండు సెకన్లు.
ఆడ నింపాదిగా బలం చూపీమని
నిన్ను ఎవురూ అడగరు."

కబడ్డీలో కూత ఆగితే ఔటు.
ఈడ కూత వస్తే ఔటు.

రాత్రి నిద్ర లేకుంటే పెట్టెకు తెలిసిపోతాది.
ఇంట్లో అరుపులైనా, కడుపులో నొప్పైనా
మొదటి అరవై కిలోలకే పట్టిస్తాది.
సార్ ఏమీ అడగడు,
ఆ పొద్దుకు బరువు తగ్గిస్తాడు.
"నాకింకా చాతనవుతాది సార్" అంటే
"అవుతాది. నిదానంగా అవుతాది.
కాళ్ళు ఏం చేస్తే అదే నేర్చుకుంటాయి గదమ్మా"
అని పళ్ళేలు ఊడదీస్తాడు.
నా ట్రాక్ సైకిలుకు బ్రేకుల్లేవు.
నాకు మాత్రం ఒకటి కొనిపెట్టినాడు,
చీటీ పాడి.

ఆదివారం ఛార్జింగుకని పెట్టె ఇంటికి తెచ్చినా.
మా నాయన దస్తగిరి యార్డుకు పోతాంటే
వెంటబడి పోయి
నడుముకు బిగించిన తుండుగుడ్డలో దోపినా.
"ఏందే ఇది, తాయెత్తా?"
"అట్లాంటిదే."

రెండడుగుల బండ.
వంగల్ల, తొడల మీద ఆనించుకోవల్ల,
లేయల్ల, లారీ దాకా నడవల్ల.
మొదటిది అరవై నాలుగు!
నేనే నోరు తెరిచినా.
నలభై ఏడేండ్ల మనిషి,
పొద్దున తినింది ఒక ముద్ద సంగటి, ఇంత ఊరిమిండి.
ఈయప్ప సైకిలెక్కింటే
నా రికార్డులన్నీ ఈయన ఇంటిపేరుతోనే ఉండేవేమో.
అయినా నా ఇంటిపేరూ అదే గదా, అనుకుని నవ్వుకున్నా.

పదోదానికి కూసింది.
పదకొండుకు కూసింది.
తర్వాత ప్రతి బండకూ.
నాయన చెమట విదిలించి అడిగినాడు:
"ఏమంటాంది?"
"బాగా ఎత్తుతాండావంట నాయనా."
మీసంలో నవ్వినాడు.
ఇంగో బండ మీదికి వంగినాడు,
ఈసారి దానికి చూపీయాలని, జోరుగా.
నలభై ఒకటి.

సౌండు తీసేసినా.

సోమారం తెల్లారి
సిమెంటు ట్యాంకర్ల గాలి వెనక
బైపాస్ మీద ఆరు స్ప్రింట్లు కొట్టి వచ్చేసరికి
సార్ ఫోను తెరుచుకోని నిలబడినాడు.
"ఎవురిది మాబున్నీ ఇది?
నూట అరవై సార్లా?
ఆఖరిది పంతొమ్మిది.
తొమ్మిదిటితోనే ఆపల్ల గదా.
ఎవురూ చెప్పల్యా ఆ మనిషికి?"

నేను లేసులు బిగించుకుంటాండా.

"లారీ నిండల్యా సార్."

ఆ పొద్దు నాకు నాలుగోదానికే కూసింది.
బారు దించినా.
సార్ పళ్ళేలు తీయనీకి రాల్యా.
బెంచీ మీద కూచోని
ఆ నూట అరవై అంకెల్నీ
ఒక్కొక్కటే
వేలితో పైకి జరుపుతాండాడు.